ఆగకుండా నూట ఇరవై రోజులు

మా ఇంట్లో ఉన్న రెండు గదుల్లో చల్లటిది మనుషులది కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే మా అత్త సౌభాగ్యమ్మ ఆ వేసవంతా తడి తువ్వాలు నెత్తిన వేసుకుని వరండాలో ఎందుకు కూర్చుందో, బడికి సెలవులు ఇవ్వగానే నా కూతురు జయను రాజురాలో మా అమ్మ దగ్గరికి ఎందుకు పంపేశానో మీకు అర్థం కాదు. చల్లటి గది సర్వర్‌ది. 1998 మార్చి ఒకటో తారీకున అది మా ఇంట్లో కాపురం పెట్టింది.

నేను చంద్రపూర్ బజారులో ఒక ఆస్పత్రిలో రికార్డు గుమాస్తాను. అప్పటికి టెంపరరీని. ఆరు నెలలకొక ఆర్డరు, మధ్యలో రెండు రోజులు ఇంట్లో కూర్చోబెట్టడం, మళ్లీ ఆర్డరు. ఇలా ఏడేళ్లు. విదేశాల నుంచి ఎవరో దాతలు ఆస్పత్రికి కంప్యూటర్లు ఇచ్చినప్పుడు వాటి ముందు కూర్చోవడానికి పర్మనెంటు వాళ్లెవరూ ముందుకు రాలేదు. కళ్లు పోతాయన్నారు, నడుం పోతుందన్నారు. టెంపరరీ మనిషికి కళ్లూ నడుమూ ఉండవు కాబట్టి నన్ను కూర్చోబెట్టారు. నలభై వేల కేసు పేపర్లు ఈ రెండు చేతులతోనే ఎక్కించాను.

ఆ నలభై వేలూ దాచిపెట్టుకునే పెద్ద మిషన్నే సర్వర్ అంటారు. ఎత్తులో బట్టల బీరువాకు సగం ఉంటుంది. రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. మొదట దాన్ని ఆస్పత్రిలోనే పెట్టారు. రాష్ట్రమంతటికీ కరెంటు పంపే ఊరు మాది, బజారులో మాత్రం వేసవి వస్తే రోజుకు నాలుగు గంటలు కోత. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు. కరెంటు పోయినప్పుడల్లా సర్వర్ ఆగిపోయేది. అలా ఆగీ ఆగీ రెండుసార్లు లోపలి డిస్కు చెడిపోయింది, నేను రెండుసార్లు మొదటి నుంచి ఎక్కించాను. రెండోసారి ఎక్కించేటప్పుడు ఏడుపు కూడా రాలేదు, ఆవలింతలు వచ్చాయి.

అప్పుడు మా పెద్ద డాక్టరమ్మకు ఒక ఆలోచన వచ్చింది. మా ఆయన ఆరోన్‌కు థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం, మాకు ఊర్జానగర్‌లో క్వార్టరు ఉంది, అక్కడ కరెంటు పోదు. కాబట్టి సర్వర్‌ను మా ఇంట్లో పెట్టి, ఒక టెలిఫోన్ లైను వేయిస్తే, ఆస్పత్రిలోని చిన్న మిషన్ రోజూ మధ్యాహ్నం రెండింటికీ రాత్రి ఎనిమిదింటికీ దానికి ఫోన్ చేసి ఆ రోజు రికార్డులన్నీ అప్పజెబుతుంది. దాతలు జూన్ నెలాఖరున చూడటానికి వస్తున్నారు. నూట ఇరవై రోజులు ఆగకుండా నడిచినట్టు కనిపించాలి. ఎన్ని రోజుల నుంచి నడుస్తోందో సర్వర్ తనంతట తానే లెక్క పెట్టుకుని తెర మీద చూపిస్తుంది, ఒక్కసారి ఆపితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. అబద్ధం చెప్పడానికి వీల్లేదు.

"నూట ఇరవై దాటించు క్రిస్టినా, నీ పర్మనెంటు ఆర్డరు మీద నేను సంతకం పెడతాను" అంది డాక్టరమ్మ హిందీలో. ఏడేళ్లలో ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు. నేను ఇంట్లో అడగకుండానే సరే అనేశాను.

ఆరోన్ తల పట్టుకున్నాడు. "మనం యాడ పండాలె?"

"ముందర గదిల."

"అమ్మ?"

"వరండాల."

"ఇగ ఇల్లు దాని పేర రాసియ్యి, అయిపోతది."

ఒప్పుకున్నది మా అత్తే. ఆమె భర్త బల్లార్‌పూర్ వైపు ఒక మిల్లులో పదకొండేళ్లు బదిలీ కూలీగా చేశాడు. అంటే ఎవరైనా రాని రోజున పని, అందరూ వస్తే లేదు. పొద్దున్నే గేటు ముందు నిలబడేవాడట, పిలుస్తారో పిలవరో తెలియకుండా. పర్మనెంటు కాకుండానే చనిపోయాడు. నేను పర్మనెంటు ఆర్డరు మాట ఎత్తగానే ముసలామె చేతిలోని చాట కింద పెట్టింది.

"పర్మినెంటు జేస్తరా? నిజమేనా బిడ్డా? గట్లయితే పెట్టుమను. నేను గచ్చు మీద పంట, నాకేంది."

నాగ్‌పూర్ నుంచి వచ్చిన ఇంజనీరు లోపలి గది కిటికీ రెక్క ఒకటి పీకి ఏసీ బిగించాడు. అది కూడా ఆస్పత్రిదే, సర్వర్ కోసం. గది ఇరవై రెండు డిగ్రీలు దాటకూడదన్నాడు. చిమ్నీల బూడిద లోపలికి పోకుండా తలుపు ఎప్పుడూ మూసి ఉంచాలన్నాడు. వేడెక్కితే అదే కీచుమని కూస్తుంది, కూయగానే ఆపేయండి, చల్లబడ్డాక మళ్లీ వేసుకోండి, ఏమీ కాదు అన్నాడు. నేను తలూపాను.

ఆ చివరి ముక్క మా అత్తకు చెప్పలేదు. ఆపొచ్చు అని చెబితే ఏ చిన్నదానికో ఆపేస్తుందని నా భయం. అందుకని వేరేలా చెప్పాను. "అత్తమ్మా, గా స్విచ్చు ముట్టుకోకు. మిషన్ ఒక్కసారి బంద్ అయ్యిందంటే నా నౌకరీ పోయినట్టే. గా ఫోను ముట్టకు, అది మిషన్‌ది. తలుపు తియ్యకు. క్వార్టర్ల మిషన్ పెట్టినమని ఎవ్వలకూ జెప్పకు, తెలిసిందంటే తీసెయ్యమంటరు." ఆమె ఒక్కొక్క మాటకూ తలూపింది. నాకంటే బుద్ధిగా ఊపింది.

దాంతో కాపురం అంటే ఏమిటో ఆ నాలుగు నెలల్లో తెలిసింది. పిండిమర పక్కన పడుకున్నట్టు రాత్రంతా ఒకటే హోరు. నైట్ షిఫ్టు చేసి వచ్చిన ఆరోన్ కళ్లు మూయగానే మధ్యాహ్నం రెండింటికి ఫోన్ లైను కుయ్‌మంటూ అరిచేది. నేను ఆస్పత్రి నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే వెళ్లి తెర చూసేదాన్ని. ముప్పై ఒకటి. నలభై నాలుగు. అరవై. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు గానీ ఆ అంకె నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

ఏప్రిల్ దాటాక ఎండ నలభై ఆరుకు పోయింది. మా అత్త మధ్యాహ్నాలు వరండా వదిలి ముందర గదిలోకి వచ్చి, సర్వర్ గది తలుపుకు వీపు ఆనించి పడుకునేది. తలుపు కింద వేలెడు సందు ఉంది, అక్కడి నుంచి చల్లగాలి కొద్దిగా వస్తుంది. అరచేయి ఆ సందు దగ్గర పెట్టుకుని పడుకునేది. ఒకరోజు నేనది చూసి, ఆ సందులో గుడ్డపేలికలు కుక్కేశాను.

"జర సల్లగుంటది బిడ్డా" అంది.

"నీకు సల్లగయితే దానికి ఉడుకుతది. ఎన్నిసార్లు జెప్పాలె నీకు" అని కసిరాను. అత్త మీద కోపం దుత్త మీద చూపారని సామెత. మా ఇంట్లో అది తిరగబడింది, డాక్టరమ్మ మీద కోపం, దాతల మీద కోపం, ఏడేళ్ల కోపం అంతా ఆ ముసలామె మీద చూపేదాన్ని. తర్వాత ఆమెకు ఇష్టమని మజ్జిగలో ఉల్లిపాయ కోసి ఇచ్చేదాన్ని. అంతటితో చెల్లుకు చెల్లు అనుకునేదాన్ని, సిగ్గు లేకుండా.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. కార్తె వచ్చిన రెండో రోజు, మే ఇరవై ఆరు. పొద్దున నేను దుప్పట్లన్నీ ఉతికి డ్రమ్ము ఖాళీ చేశాను. మళ్లీ నల్లా వచ్చేది సాయంత్రం ఆరింటికే. తాగడానికి కుండ నిండా నీళ్లున్నాయి, ఇద్దరికి చాలవా అనుకున్నాను. తెర మీద ఎనభై అయిదు అని చూసుకుని ఆస్పత్రికి పోయాను. ఒంటిగంటన్నరకు ఆరోన్ రెండో షిఫ్టుకు పోయాడు. అప్పటికి ఏసీ బాగానే ఉందట.

రెండింటికి ఆస్పత్రి మిషన్ ఫోన్ చేసింది, మా ఇంటి మిషన్ పలికింది, రికార్డులు వెళ్లాయి. అంతా సవ్యంగా ఉందనుకుని నా పని నేను చేసుకున్నాను.

అయిదింటికి, రోజూ ఎక్కే సమ్మన్న ఆటో దిగి వాకిట్లోకి రాగానే కీచుమనే కూత వినిపించింది. సంచీ వరండాలోనే పడేసి లోపలికి పరిగెత్తాను. సర్వర్ గది తలుపు తెరవగానే ఉడుకుతున్న గిన్నె మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. ఏసీ ఆగిపోయి ఉంది. కిటికీకి ఉన్న మిగతా రెక్కకు తడిపిన గోనెసంచి వేలాడుతోంది, అప్పటికే సగం ఎండిపోయింది. సర్వర్ చుట్టూ తడి చీర కట్టి ఉంది, పైన తడి తువ్వాలు కప్పి ఉంది. గట్టిగా పిండి కప్పింది, నీటిచుక్క కారకుండా. వేసవిలో మా వాళ్లు నీళ్ల కుండకు చేసేది అదే, జ్వరం వచ్చిన పిల్లకు చేసేది అదే. ఆమెకు తెలిసిన వైద్యం అదొక్కటే.

నేను నేరుగా సర్వర్ దగ్గరికి పోయాను. తువ్వాలు లాగేశాను. చీర విప్పాను. నా కొంగుతో పైనంతా తుడిచాను, పక్క రేకు ఊడదీసి లోపలికి నీళ్లు పోయాయేమో వంగి చూశాను. పోలేదు. తెర వెలిగించాను. ఎనభై ఆరు రోజుల ఏడు గంటలు. ఆగలేదు.

"దేవా, నీకు స్తోత్రం" అన్నాను. పైకే అన్నాను.

అప్పుడు కిందికి చూశాను. మా అత్త మిషన్‌కూ గోడకూ మధ్య కూర్చుని ఉంది. వీపు గోడకు ఆనింది, తల పక్కకు వాలింది, ఒళ్లో విసనకర్ర. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి. పెదవులు కదులుతున్నాయి గానీ మాట లేదు. నేను గదిలోకి వచ్చి ఎంతసేపయింది? రెండు నిమిషాలు. మూడు కావచ్చు. ఆమె అంతసేపూ అక్కడే ఉంది.

ఒళ్లు ముట్టుకుంటే పెనం. ఒక్క చెమటచుక్క లేదు. నీళ్ల కోసం వంటింట్లోకి పోతే కుండ బోర్లించి ఉంది. అడుగున మిగిలిన నీళ్లు కూడా గుడ్డ తడపడానికి వంచుకుపోయింది. ఇంట్లో ఉన్న తాగేనీళ్లన్నీ మిషన్‌కు పెట్టింది, తను గుక్కెడు కూడా తాగినట్టు లేదు. గుడ్డలు తడపడానికి తప్ప తలుపు తీయలేదు, లోపల మూసుకునే కూర్చుంది. కేక వేయలేదు. ఫోన్ ముట్టలేదు. నేను చెప్పినవన్నీ చెప్పినట్టే చేసింది.

పక్కింటి నర్సక్కను పిలిచాను. నర్సక్క బిందెతో నీళ్లు తెచ్చి ఆమె మీద కుమ్మరించి, నన్నోసారి, సర్వర్‌నోసారి చూసింది. ఇద్దరం మోసుకుపోయి, ఇంకా వాకిట్లోనే ఉన్న సమ్మన్న ఆటోలో పడుకోబెట్టాం.

ఆస్పత్రి కౌంటరు దగ్గర పాత కేసు పేపరు ఉందా అని అడిగారు. నేను పేరు చెప్పాను. మా ఇంట్లో ఉన్న మిషన్‌కు ఫోన్ కలిసింది, అక్కడి నుంచి సౌభాగ్యమ్మ రికార్డు తెర మీదికి వచ్చింది. వయసు, బీపీ, పోయినేడు ఇచ్చిన మందులు, అన్నీ. డాక్టరమ్మ నా భుజం తట్టి, చూశావా ఎంత పనికొచ్చిందో అంది. ఆ క్షణంలో ఆమె చేయి విసిరికొట్టాలనిపించింది. తలూపాను. తలూపడం నాకు బాగా అలవాటైపోయింది.

నేను ఆస్పత్రిలో ఉంటే ఆరోన్ షిఫ్టు మధ్యలో ఇంటికి పరిగెత్తి, తలుపులన్నీ తీసి, నర్సక్క వాళ్ల ఫ్యాను, మా ఫ్యాను రెండూ సర్వర్‌కు పెట్టాడు. మర్నాడు మెకానిక్ వచ్చి ఏసీ స్టెబిలైజర్ మాడిపోయిందని మార్చి పోయాడు. ఆరోన్ వాళ్ల అమ్మ మంచం పక్కన కూర్చుని ఒక్కటే అడిగాడు.

"మిషన్ నడుస్తున్నదా?"

"నడుస్తుంది."

"మంచిది" అన్నాడు, మొహం అటు తిప్పుకుని.

మా అత్త బతికింది. ఆరు రోజులకు మాట వచ్చింది, నత్తినత్తిగా. నడక మాత్రం మునుపటిలా రాలేదు, గోడ పట్టుకుంటేనే నాలుగడుగులు. ఇంటికి తెచ్చాక ఆమె మంచం సర్వర్ గదిలోనే వేశాను, ఇరవై రెండు డిగ్రీలు ఎట్లా పోతే అట్లా పోనీ అనుకుని. రెండు రాత్రులు పడుకుంది. మూడో రోజు తన మంచం వరండాలోనే వెయ్యమంది. గాడ నిద్ర పడతలేదు బిడ్డా, సప్పుడు జర మారితే దానికేమన్నా అయిందేమోనని లేస్తున్న అంది. మళ్లీ వరండాలోనే వేశాను.

జూన్ ఇరవై తొమ్మిదికి నూట ఇరవై అయింది. దాతలు వచ్చారు, మా ఇంటికే వచ్చి తెర చూశారు, ఫోటో తీసుకున్నారు. వరండాలో మంచం మీద ఉన్న ముసలామెకు నమస్తే చెప్పి పోయారు. జూలై రెండో వారంలో నా ఆర్డరు వచ్చింది. ఏడేళ్లు దాని కోసం చూశాను, చేతికి వచ్చాక రెండుసార్లు చదివి మడిచి పర్సులో పెట్టుకున్నాను. ఆనందం కోసం వెతుక్కున్నాను గానీ, నిద్ర ముంచుకొచ్చింది.

మర్నాడు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం అన్నం తినిపించాక ఆ కాగితం తీసి మా అత్త చేతిలో పెట్టాను. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని కళ్లకద్దుకుని, వేళ్లతో నెమ్మదిగా తడిమింది.

"ఇగ తియ్యరు గదా నిన్ను?"

"తియ్యరత్తమ్మా."

"గిసొంటి కాయిదం మీ మామకు వస్తదని పదకొండేండ్లు సూసిన."

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. నలభై అయిదు రోజులుగా దాచుకున్నది ఇక ఉంచుకోలేక చెప్పేశాను. "అత్తమ్మా, గా దినం నేను లోపటికి వచ్చి ముందు మిషన్ కాడికి పోయిన. నిన్ను సూడలేదు."

"నేను సూసిన" అంది. "ముందు దాన్ని సూడు, దాన్ని సూడు అని నేనే అంటున్న. నోట్లెకెళ్లి మాట రాలే, గంతే."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రెండు చెంపలూ వాయించినా బాగుండేది. ఆ మాటకు మాత్రం నాకు ఏడుపు ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. కాసేపటికి లేచి ఆమెను భుజం పట్టి నడిపించుకుంటూ సర్వర్ గదిలోకి తీసుకుపోయాను. కుర్చీలో కూర్చోబెట్టి, తెర మీద చేయాల్సింది చేసి, స్విచ్చు నొక్కాను. హోరు తగ్గి తగ్గి ఆగిపోయింది. నాలుగు నెలల తర్వాత మా ఇంట్లో మొదటిసారి గోడ గడియారం చప్పుడు వినిపించింది.

మా అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఏమైంది? బంద్ అయిందా?"

"నేనే బంద్ చేసిన. సూడు, గిట్ల నొక్కితే బంద్ అయితది. మల్ల ఎప్పుడన్న ఉడికి కూసిందనుకో, నువ్వు గిది నొక్కెయ్యి. సల్లబడ్డంక మల్ల చాలూ చేసుకోవచ్చు."

"లోపటున్నయి పోవా?"

"పోవు. అన్నీ అట్లనే ఉంటయి."

"ఆపచ్చన్నట్టు."

"ఆపచ్చు."

ఆమె చాలాసేపు ఆ స్విచ్చు వైపే చూసింది. తర్వాత నా మణికట్టు వదిలేసింది.

"గట్లయితే నాకు ముందుగాల్నే ఎందుకు జెప్పలే బిడ్డా?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. నూట ఇరవై రోజులు అని మొదలుపెట్టి, గోడ గడియారం వైపు చూశాను. రెండుకు పది నిమిషాలు తక్కువ. రెండింటికి ఆస్పత్రి నుంచి ఫోన్ వస్తుంది. నేను మళ్లీ స్విచ్చు వేశాను.